చదవకుండా చెరిపేశాం

మన ఊరి గోపురం మీద నిలబడ్డ ద్వారపాలకుడి ఒంటికి తాతల నాడు ఏ రంగు ఉండేదో ఇవాళ చెప్పగలిగిన మనిషి లేడు. చెప్పగలిగిన సాక్ష్యం మాత్రం మొన్నమొన్నటి దాకా ఉంది. ఆ బొమ్మ మీదే, ఒక పూత కింద ఇంకో పూతగా, అట్టకట్టుకుని ఉంది. దాన్ని మనమే వైరు బ్రష్షులతో గీకించాం. గ్రైండర్లతో అరగదీయించాం. రాలిన పొడిని పారలతో ఎత్తి చెరువు గట్టున పోయించాం. ఎవరో దండెత్తి వచ్చి చేసిన పని కాదిది. చందాలు వేసుకుని, ముహూర్తం పెట్టించుకుని, సన్నాయి మేళంతో మనం చేసిన పని. దానికి మనం పెట్టుకున్న పేరు జీర్ణోద్ధరణ.

పామర్రు నుంచి గుడివాడ, ముదినేపల్లి, కైకలూరు, ఆకివీడు, భీమవరం మీదుగా పాలకొల్లు వైపు పోయే 165వ నంబరు జాతీయ రహదారి మీద ఒక పూట ప్రయాణించి చూడండి. రోడ్డుకు రెండు పక్కలా చేపల చెరువులు. ఊరి మొదట్లో స్వాగత ద్వారం. దాని వెనకాల కొత్తగా మెరిసే గోపురం. గులాబీ రంగు లక్ష్మీదేవి, ఆకాశనీలం కృష్ణుడు, కుంకుమ పెదాల ద్వారపాలకులు. ఈ ఊళ్లోనూ అవే రంగులు, ఆ ఊళ్లోనూ అవే. రంగుల కంపెనీ ఇచ్చిన షేడ్ కార్డు ఊరూరికీ ఒకటే కాబట్టి దేవుళ్ల ఒంటి రంగూ ఒకటే అయిపోయింది. రెండు వందల ఏళ్ల కిందట కూడా అన్ని గోపురాలూ ఇలా ఒకే తీరుగా ఉండేవా, ఊరికో పద్ధతి ఉండేదా? ఈ ప్రశ్నకు జవాబు దొరికే దారిని మనమే మూసేసుకున్నాం.

ఈ మెరుపు ఊరికే రాలేదు. వరి చేలు చేపల చెరువులైన కొద్దీ ఈ కొల్లేటి అంచు ఊళ్లలోకి రొక్కం వచ్చింది. అమెరికాలో స్థిరపడ్డ పిల్లల డాలర్లు దానికి తోడయ్యాయి. డబ్బు రాగానే ముందు ఇల్లు, ఆ తరవాత గుడి. అందులో తప్పు పట్టాల్సింది లేదు. కలిగిన రోజున దేవుణ్ణి తలుచుకోవడం మంచి బుద్ధే. కాకపోతే ఇల్లు పడగొట్టేటప్పుడు పాత దస్తావేజులు భద్రంగా బీరువాలో దాచుకున్న మనం, గుడి బాగుచేసేటప్పుడు గుడి దస్తావేజును చింపి పోగులు పెట్టాం. ఆ రంగు పూతలే దస్తావేజు. అది చదవగలిగే దస్తావేజేనని మనకు తట్టలేదు. తెలిసినవాళ్లం కూడా నోరు మెదపలేదు.

చదివే పద్ధతి మరీ కష్టమైనదేం కాదు. గుండుసూది తలంత పెచ్చు చాలు. బొమ్మ చంక మడతలోనో, కిరీటం వెనకాలో, అప్పటికే పగులు ఉన్న చోట సన్నటి కత్తితో దాన్ని తీస్తారు. పారదర్శకమైన రెజిన్‌లో పోత పోసి, నిలువునా కోసి, నునుపు చేసి మైక్రోస్కోపు కింద పెడతారు. పూతల వరస కంటికి కనబడుతుంది. అడుగున గచ్చు, దాని మీద సన్న సున్నం, ఆపైన మొదటి రంగు, దాని మీద దీపపు మసి, దుమ్ము, మళ్లీ సున్నం, మళ్లీ రంగు. రెండు రంగుల నడుమ మసి పొర దళసరిగా ఉందంటే ఆ గుడికి చాలా ఏళ్లు ఎవరూ రంగు వేయించలేదన్న అనుమానం కలుగుతుంది. కరువు వచ్చిందో, జమీందారీ గొడవలో, వరదలో, ఆ ఊరి కాగితాలతో కలిపి చూసుకోవచ్చు.

తరవాత ఆ పెచ్చు మీద ఎక్స్‌రే కిరణాలు పడేలా చేస్తారు. ఒక్కో మూలకం తనదైన కిరణాన్ని తిరిగి పంపుతుంది. ఎరుపు దగ్గర పాదరసం దొరికితే అది ఇంగిలీకం. సీసం దొరికితే సింధూరం. ఇనుము దొరికితే కావి. పసుపు దగ్గర ఆర్సెనిక్ కనబడితే హరిదళం. పచ్చ దగ్గర రాగి కనబడితే రాగి లవణంతో చేసిన రంగు. కొన్ని రంగులకు పుట్టిన తేదీ కూడా ఉంది. ప్రష్యన్ నీలం 1706 ప్రాంతంలో బెర్లిన్‌లో పుట్టింది. అది కనబడిన పూత అంతకంటే పాతది అయ్యే వీలు లేదు. కృత్రిమ అల్ట్రామెరైన్ తయారీ 1828లో ఫ్రాన్సులో తేలింది. మన అమ్మమ్మలు గోడ సున్నంలోనూ తెల్లబట్టల్లోనూ కలిపిన నీలిమందు ఎక్కువగా ఆ జాతిదే. టైటానియం తెలుపు బజారుకెక్కింది 1920 ప్రాంతంలో. టైటానియం కనబడిందంటే ఆ పూత ఇంచుమించు వందేళ్ల లోపుదే. ఇలా ఒక్క పెచ్చుతో గుడి వయసులో ఏ కాలం పూత ఏదో గీత గీసినట్టు చెప్పొచ్చు.

సున్నంలోనూ చరిత్ర ఉంటుంది. కొల్లేటి గుల్లలు కాల్చి చేసిన గుల్ల సున్నమైతే, సరిగా కాలకుండా మిగిలిన గుల్ల ముక్కలు మైక్రోస్కోపు కింద కనబడే అవకాశం ఉంది. సున్నపురాయి కాల్చి చేసినదైతే ఆ తీరు వేరు. రంగును పట్టి ఉంచిన జిగురు తోలుదా, చెట్టు బంకా, నూనెనా అన్నది గ్యాస్ క్రొమటోగ్రఫీ చెబుతుంది. అంటే ఊరి గోపురం మీది ఒక పెచ్చులో ఊరి వ్యాపారం, ఊరి వృత్తులు, ఊరి కరువు, ఊరి దాతల తాహతు ఇన్ని ఉన్నాయి. కొల్లేటి చుట్టూ సున్నం కాల్చినవాళ్ల గురించి మన చరిత్ర పుస్తకాల్లో ఒక పేజీ రాయడానికి ఆధారాలు లేవని వాపోతాం. ఆధారాన్ని గోతం సంచిలో పోసి పారేసింది మనం.

ఇటలీలోని ఫ్లారెన్సు సంగతి చూద్దాం. 15వ శతాబ్దం మధ్యలో దొనాటెల్లో అనే శిల్పి, క్రీస్తు శిష్యురాలు మగ్దలీన్ పశ్చాత్తాపంలో ఉన్న బొమ్మను చెక్కతో చెక్కాడు. ఎండి డొక్కుపోయిన ఒళ్లు, మోకాళ్ల దాకా జుట్టు, జోడించబోతున్న చేతులు. కొన్ని తరాల పాటు చూసినవాళ్లంతా అది ముదురు గోధుమరంగు బొమ్మేననుకున్నారు. ఆ చీకటి రంగులోనే శిల్పి బాధ ఉందని వ్యాఖ్యానాలు రాసినవాళ్లూ ఉన్నారు. 1966 నవంబరు 4న ఆర్నో నది ఊరి మీద పడింది. బురదతో, ఇళ్ల నూనె ట్యాంకుల నుంచి కారిన నూనెతో బొమ్మ పాడైంది. శుభ్రం చేసే పనిలో గోధుమరంగు పూత తరవాతి కాలం వాళ్లు పూసినదని తేలింది. దాన్ని జాగ్రత్తగా తీస్తే అడుగున ఎండకు కమిలిన ఒంటి రంగు, జుట్టులో బంగారు జరీలా మెరిసే గీతలు బయటపడ్డాయి. శిల్పి చెప్పదలచుకున్న మాట బాధ ఒక్కటే కాదని, ఆ బాధలో దైవకాంతి కూడా ఉందని అప్పుడు అర్థమైంది. బంగారు రేకు బయటపడిన రోజు నుంచి ఆ బొమ్మ గురించి రాసే పుస్తకాలే మారిపోయాయి.

వాళ్లు పుట్టుకతో తెలివైనవాళ్లేం కాదు. అదే ఇటలీలో, అదే యూరపులో, శిల్పమంటే తెల్లగానే ఉండాలన్న పిచ్చి పట్టి రంగు బొమ్మల్ని ఎన్నింటినో గీకేశారు. మట్టి బొమ్మలకు కంచు బొమ్మల్లా కనబడాలని గోధుమరంగు పులిమారు. ఫ్లారెన్సులో నికొలో ద ఉజ్జానో అనే పెద్దమనిషి మట్టి ప్రతిమకు అలాగే జరిగితే 1980ల్లో ఆ పూత తీసి అసలు రంగులు చూశారు. తప్పులు చేసి, నష్టపోయి, ఒక నియమం పెట్టుకున్నారు. రంగు ముట్టుకునే ముందు పరీక్ష చేయాలి. చేసినదంతా రాసి పెట్టాలి. తీసిన పెచ్చును పారేయకుండా దాచాలి. ఈ మూడు నియమాలకు పెద్ద డబ్బేం అక్కర్లేదు. క్రమశిక్షణ కావాలి.

వరదలంటారా, మనకూ తక్కువేం కాదు. 1977 నవంబరు 19న దివిసీమ మీద పడిన ఉప్పెన వేల ప్రాణాలు తీసుకుంది. శవాలు లెక్కపెట్టుకునే చోట రంగుల మాట ఎత్తకూడదు. అప్పుడు ఎవరూ ఎత్తలేదు, అది న్యాయమే. కానీ ఆ తరవాత తీరిక వచ్చింది, డబ్బు వచ్చింది, ఇంజనీరింగు కాలేజీలు వచ్చాయి. ఇన్ని వచ్చినా మన బొమ్మల రంగుల కింద ఏముందన్న ప్రశ్న రాలేదు. పేదరికం సాకు మనకు ఎప్పుడో చెల్లిపోయింది.

నిపుణుడు వచ్చినా తప్పు జరగొచ్చు. దానికీ మన దగ్గరే ఉదాహరణ ఉంది. అజంతా అప్పట్లో నిజాం రాజ్యంలో ఉండేది. హైదరాబాదు పురావస్తు శాఖ డైరెక్టరు గులాం యజ్దానీ చిత్రాలు రాలిపోకుండా ఆపడానికి 1920లో ఇటలీ నుంచి లొరెంజో చెక్కొని, ఒర్సిని అనే ఇద్దరు నిపుణుల్ని రప్పించారు. వాళ్లు ఊడిపోతున్న పెచ్చుల్ని చాలా చోట్ల అతికించారు, అది మేలే. చిత్రాల మీద లక్క వార్నిష్ కూడా పూశారు. కాలం గడిచే కొద్దీ ఆ వార్నిష్ పసుపుబారి, నల్లబడి, రంగుల్ని మింగింది. తరవాతి రసాయన నిపుణులు దాన్ని తొలగించడానికి ఏళ్ల తరబడి శ్రమపడాల్సి వచ్చింది. కానీ గమనించాల్సింది ఇది: ఎవరు వచ్చారో, ఎప్పుడు వచ్చారో, ఏం పూశారో కాగితం మీద ఉంది. అందువల్ల తప్పు ఎక్కడ జరిగిందో తెలిసింది, ఏ ద్రావకం వాడితే అది పోతుందో వెతకడానికి వీలు కలిగింది. మన గోపురాల మీద మనం పూసినదానికి కాగితమే లేదు. దాత పేరు మాత్రం గ్రానైట్ పలక మీద చెక్కి ఉంది.

తంజావూరు బృహదీశ్వరాలయం కథ మనకు ఇంకా దగ్గరిది. అక్కడ చోళుల కాలపు చిత్రాల మీద మన తెలుగు నాయకరాజుల కాలంలో కొత్త చిత్రాలు వేశారు. 1931లో ఎస్.కె. గోవిందస్వామి అడుగున చోళుల బొమ్మలు ఉన్నాయని కనిపెట్టారు. ఆ దశాబ్దంలోనే మద్రాసు మ్యూజియంలో పనిచేసిన ఎస్. పరమశివన్ ఆ గోడల సున్నాన్ని, రంగుల్ని రసాయన పరీక్ష చేసి పత్రాలు రాశారు. తరవాత నాయకుల కాలపు పొరను చెక్కుచెదరకుండా ఊడదీసి విడిగా నిలబెట్టడమూ జరిగింది. పైన ఉన్నదీ దక్కింది, కింద ఉన్నదీ దక్కింది. ఇదంతా జరిగింది విదేశంలో కాదు. బెజవాడలో రైలెక్కితే మర్నాటికి చేరుకునే ఊళ్లో.

ఇంక మన ముంగిట్లోని వనరుల మాటకొద్దాం. కల్యాణి చాళుక్యరాజు మూడో సోమేశ్వరుడు 12వ శతాబ్దంలో కూర్చిన అభిలషితార్థ చింతామణిలో గోడను ఎలా సిద్ధం చేయాలో, దున్నపోతు తోలు ఉడికించి వజ్రలేపమనే జిగురు ఎలా చేయాలో, ఏ రంగుకు ఏ రాయి నూరాలో ఉంది. కొండపల్లిలో ఇవాళ్టికీ తెల్ల పొణికి కర్రతో బొమ్మ చేసి, రంపపు పొట్టు, చింతగింజల జిగురు కలిపిన ముద్దతో అవయవాలు అతికి, సుద్ద పూసి, ఆపైన రంగు వేస్తారు. ఫ్లారెన్సు శిల్పి చెక్క మీద జిప్సం, తోలు జిగురు పూసి ఆపైన రంగు వేసిన పద్ధతికి ఇది దగ్గరి చుట్టమే. గచ్చులో కరక్కాయ నీళ్లు, బెల్లం నీళ్లు పోసే మేస్త్రీలు నిన్నటి దాకా ఉన్నారు. అదే కరక్కాయతో పెడనలో కలంకారీ గుడ్డకు రంగు పట్టిస్తారు. పుస్తకం ఉంది, చేతి విద్య ఉంది, గోపురం మీద రుజువు ఉంది. ఈ మూడింటినీ ఒక బల్ల మీద పెట్టి చూసిన పండితుణ్ణి మన డెల్టా తయారు చేసుకోలేదు. సంస్కృతం వచ్చినవాళ్లం మైక్రోస్కోపు ముట్టుకోలేదు. మైక్రోస్కోపు ఉన్నవాళ్లం గోపురం ఎక్కలేదు.

ఇంకా సిగ్గుపడాల్సిన మాట ఒకటుంది. ఇవాళ ఫ్లారెన్సు నుంచి లండను దాకా బొమ్మల మీది రంగుల్ని పోల్చుకోవడానికి వాడే ముఖ్యమైన సాధనాల్లో ఒకటి రామన్ స్పెక్ట్రోస్కోపీ. రంగు మీద లేజరు కాంతి వేసి, చెదిరి వచ్చిన కాంతిని బట్టి అది ఇంగిలీకమో సింధూరమో తేలుస్తారు. పెచ్చు తీయకుండానే తేల్చే వీలూ ఉంది. దానికి మూలమైన రామన్ ఫలితాన్ని 1928 ఫిబ్రవరి 28న కలకత్తాలో ప్రకటించిన సి.వి. రామన్ చిన్నప్పుడు విశాఖపట్నం బళ్లో చదువుకున్నాడు. ఆయన శిష్యుల్లో పేరెన్నికగన్న సూరి భగవంతం పుట్టింది ఆగిరిపల్లిలో. 2022 జిల్లాల విభజనలో ముదినేపల్లితో పాటు ఆగిరిపల్లీ ఏలూరు జిల్లాలో చేరింది. కాంతి చెదరడం, రామన్ ఫలితం మీద భగవంతం 1940లో పుస్తకం రాశారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఆ శాస్త్రాన్ని పాఠంగా చెప్పారు. పక్క మండలాల మనిషి విద్యతో పరాయి దేశాలు తమ దేవతల ముఖాలు చదువుకుంటున్నాయి. మన అమ్మవారి ముఖాన్ని మాత్రం గ్రైండరు చదివింది.

యంత్రాలు ఎక్కడున్నాయని అడుగుతాం. బంగారం కొట్లకు పోదాం. హాల్‌మార్క్ సెంటర్లలో గాజు 22 క్యారట్లా కాదా అని నిమిషంలో తేల్చే మిషను పనిచేసేది ఇందాక చెప్పిన ఎక్స్‌రే పద్ధతిలోనే. దాన్ని లోహాలకు తగ్గట్టు అమర్చుకుంటారు. రంగులకు తగ్గట్టు అమర్చినవి పరిశోధన సంస్థల్లో ఉంటాయి. సూత్రం మాత్రం ఒకటే. మన చేతి గాజు నిజమో అబద్ధమో తెలుసుకోవడానికి క్యూలో నిలబడ్డ మనకు, గుడి ద్వారం దగ్గర నిలబడ్డ బొమ్మ ఒంటి మీద ఏముందో తెలుసుకోవాలన్న కోరిక పుట్టలేదు.

తిలాపాపం తలా పిడికెడు అన్నారు. పంచుకుందాం.

కమిటీ పెద్దలుగా మనం పని త్వరగా తెమలాలన్నాం. వచ్చే షష్ఠికో, శివరాత్రికో, జాతరకో గోపురం మెరవాలన్నాం. మేస్త్రీకి గడువు పెట్టాం, రేటు చదరపు అడుగుల్లో మాట్లాడాం. చదరపు అడుగుకు కూలి తీసుకునేవాడు నిదానంగా పూత పూతా తీయలేడు, గీకుతాడు. తప్పు మేస్త్రీ మీద వేయడం మనకు తేలిక. అతనికి గ్రైండరు చేతికిచ్చిన ఒప్పందం మనదే.

దాతలుగా మనం కనబడే పనికే డబ్బిచ్చాం. గోపురానికి రంగులు, వాహనానికి ఇత్తడి రేకు, గర్భాలయానికి గ్రానైట్, మండపానికి టైల్సు. పాత గరుడ వాహనం చెక్క మీది రంగులు రేకు తొడుగు కిందికి పోయాయి. రేకు అతకడానికి ముందు ఉలితో చెక్కను చదును చేశారు కాబట్టి ఆ కిందా మిగల్లేదు. పరీక్షకు ఇంత, ఫొటోలకు ఇంత అని ఖర్చు చూపిస్తే దాతలం ముఖం చిట్లించాం. దాని మీద పేరు చెక్కించుకునే చోటు లేదు మరి.

అధికారులుగా మనం చట్టం దాటి ఆలోచించలేదు. 1987 దేవాదాయ చట్టం కింద గుడి భూములు, నగలు 43వ సెక్షను రిజిస్టరులోకి ఎక్కుతాయి. తులాలు, గ్రాములు రాస్తాం. రంగు పూతకు రిజిస్టరు లేదు. పురావస్తు శాఖ రక్షిత కట్టడమని బోర్డు పెట్టిన చోట రసాయన విభాగం అడుగుపెడుతుంది. ఏలూరు జిల్లాలో గుంటుపల్లి బౌద్ధ గుహలకు ఆ బోర్డు ఉంది. బోర్డు లేని వందల గుళ్లు రెండు శాఖల నడుమ దిక్కులేకుండా నిలబడ్డాయి. అది నీ పనంటే నీ పనని ఫైళ్లు నడిపాం.

భౌతికశాస్త్రం, రసాయనశాస్త్రం చెప్పే పంతుళ్లుగా మనం పిల్లల చేత ప్రాజెక్టు రిపోర్టులు రాయించాం. దేశంలో ప్రతి కాలేజీలోనూ ఉండే ప్రాజెక్టులే అవి. ఊరి గుడి సున్నం తెచ్చి మైక్రోస్కోపు కింద పెట్టమని ఒక్క పిల్లవాడికి చెప్పి ఉంటే, ఈపాటికి డెల్టా గోపురాల మీద పది పత్రాలైనా ఉండేవి.

కలం పట్టినవాళ్లుగా మనం స్థలపురాణాలు రాశాం. ఫలానా ఋషి, ఫలానా రాజు, ఫలానా కల. గుడికి రంగు వేస్తుంటే "నూతన శోభ సంతరించుకున్న ఆలయం" అని శీర్షిక పెట్టాం. 1516లో కృష్ణదేవరాయలు కట్టించిన శ్రీకాళహస్తి రాజగోపురం 2010 మే 26న కూలిపోతే, పునాదుల గురించి, బీటల గురించి, బాధ్యుల గురించి పేజీలు నింపాం. ఆ గోపురంతో పాటు అయిదు వందల ఏళ్ల పూతల వరస కూడా దుమ్ములో కలిసిందన్న మాట మనలో ఎంతమందికి తోచింది?

భక్తులుగా మనం కొత్తగా ఉన్నదే పవిత్రమనుకున్నాం. వెలిసిన రంగు చూస్తే మనకు చిన్నతనం. పక్క ఊరి గోపురం కంటే మన గోపురం మసకగా ఉంటే నామోషీ. ఆ నామోషీయే మిగతా పాపాలన్నిటికీ విత్తనం.

పోనీ, చరిత్ర పోయినా బొమ్మయినా బతికిందా అంటే అదీ లేదు. గచ్చు బొమ్మ తేమను పీల్చి వదులుతూ ఉంటుంది. సున్నపు పూత దానికి అడ్డం రాదు. ఇప్పుడు మనం వేయించే ఎనామెల్ రంగు మాత్రం ప్లాస్టిక్ తొడుగు వేసినట్టు పట్టేస్తుంది. కొల్లేటి అంచున భూమిలో నీళ్లే ఉప్పన. గోడల్లోకి పాకిన ఆ తేమ బయటికి రాలేక పూత వెనక ఆగిపోతుంది. అందులోని ఉప్పు గడ్డకట్టి, ఉబ్బి, గచ్చును లోపలి నుంచే పిండి చేస్తుంది. రెండు మూడు వానాకాలాలు గడిచేసరికి రంగు పెచ్చులుగా లేస్తుంది, వేలితో పాటు ముక్కూ ఊడుతుంది. అప్పుడు సిమెంటుతో కొత్త ముక్కు పెట్టిస్తాం. సిమెంటు గచ్చు కంటే గట్టిది, దానితో పాటు సాగదు. మరికొన్నేళ్లకు ఆ చుట్టూ ఇంకో పగులు. ఇలా ప్రతి సంప్రోక్షణకూ బొమ్మలో పాత భాగం కొంత తగ్గి, సిమెంటు భాగం కొంత పెరుగుతుంది. చివరికి మిగిలేది పాత పేరు పెట్టుకున్న కొత్త బొమ్మ.

ఇందులో మనుషుల ఆరోగ్యం కూడా ఉంది. మన దేశంలో ఇళ్ల రంగుల్లో సీసం 90 పీపీఎం మించకూడదన్న నియమం అమల్లోకి వచ్చింది 2017 నవంబరులో. అంతకు ముందు వేసిన ఎరుపు, పసుపు ఎనామెల్ పూతల్లో సీసం ఎంత ఉందో ఎవరు చూశారు? వాటిని గ్రైండరుతో పొడి చేసే కుర్రాడు మూతికి తువ్వాలు కట్టుకుంటాడు, అంతే. ఆ దుమ్ము గుడి ఆవరణలో ఆడుకునే పిల్లల మీద, ప్రసాదం పళ్లాల మీద పడుతుంది. రంగును పరీక్షించి ఉంటే మొదట తెలిసేది సీసం సంగతే. చరిత్ర మీద ఆసక్తి లేకపోయినా సరే, కూలికొచ్చిన కుర్రాడి ఊపిరితిత్తుల కోసమైనా ఆ పరీక్ష చేయించాల్సింది.

దేవుడు మ్యూజియంలో బొమ్మ కాదు, పూజలందుకునే మూర్తికి ఎప్పటికప్పుడు రంగు వేయాల్సిందే, వెలిసిపోయిన బొమ్మను అలాగే ఉంచమనడం భక్తి తెలియని మాట అని కొందరంటారు. ఆ మాట నిజమే. ఫ్లారెన్సు మగ్దలీన్ ఇవాళ మ్యూజియంలో ఉంది, మన దేవుడు గుళ్లో ఉన్నాడు. ఆయనకు కొత్త రంగు వేయడం తప్పని ఎవరూ అనడం లేదు. మన పెద్దలూ వేశారు, అందుకే అన్ని పూతలు పేరుకున్నాయి. వాళ్లు పాత పూత మీద కొత్త పూత వేశారు. అడుగుదాకా గీకే యంత్రం వాళ్ల దగ్గర లేదు, మన దగ్గర ఉంది. తేడా అంతా అక్కడుంది.

శాస్త్రం ఒప్పుకోదన్న భయమూ అక్కర్లేదు. జీర్ణోద్ధరణలో కళాకర్షణ చేసి, అంటే మూర్తిలోని దైవకళను బయటికి తీసుకుని, దేవుణ్ణి బాలాలయమనే తాత్కాలిక సన్నిధికి చేర్చాకే శిల్పులు, రంగుల పనివాళ్లు బొమ్మల్ని ముట్టుకుంటారు. సుత్తి దెబ్బకు లేని దోషం సూదిమొనంత పెచ్చుకు ఎక్కడిది? ఆగమం తెలిసిన అర్చకులు ఎవరైనా ఈ మాట కాదనరు. అడిగే ధైర్యం మనకు లేక వాళ్ల పేరు చెప్పుకున్నాం.

పోయింది తిరిగి రాదు. అయినా అన్నీ పోలేదు. మారుమూల ఊళ్లలో చందాలు కుదరక ఆగిపోయిన గోపురాలు, కొట్టుగదుల్లో విరిగి పడున్న పాత వాహనాలు, రేకు తొడగని రథం చెక్కలు, కొత్త బొమ్మ వచ్చాక మూలన పెట్టిన పాత ద్వారపాలకులు ఇంకా ఉన్నాయి. మన పేదరికం, మన బద్ధకం కాపాడినవి అవి. రేపు వాటి వంతు వస్తుంది. ఈసారి మీ ఊళ్లో జీర్ణోద్ధరణ కమిటీ కూర్చున్నప్పుడు మూడు పనులు చేయించండి. గీకుడు మొదలయ్యే ముందు ప్రతి బొమ్మకూ నాలుగు వైపులా పగటి వెలుతురులో ఫొటోలు తీయించి, తేదీ వేసి కమిటీ రికార్డులో పెట్టించండి. బొమ్మకు రెండు మూడు చోట్ల పెచ్చులు తీయించి, ఎక్కడ తీశారో రాసి, విడివిడి సీసాల్లో దాచండి. పరీక్ష ఈ ఏడు కుదరకపోతే వచ్చే ఏడు కుదురుతుంది, పెచ్చు ఉంటే చాలు. విశ్వవిద్యాలయానికో, లక్నోలో 1976 నుంచి పనిచేస్తున్న జాతీయ సంరక్షణ పరిశోధనశాలకో, దాని మైసూరు కేంద్రానికో ఒక ఉత్తరం రాయండి. ఆ తరవాత మీ ఇష్టమొచ్చిన రంగు వేయించుకోండి, వీలైతే సున్నం పూత మీద వేయించండి.

అడిగితే కమిటీలో నలుగురు నవ్వవచ్చు. నవ్వనివ్వండి. ఈ పని చేయించకుండా గ్రైండరు ఆన్ చేయనిస్తే మాత్రం, ఈసారి తెలియక చేశామని చెప్పుకునే వీలు మనకుండదు.